దేశం ప్రోగ్రెస్ కార్డు చదవడం ఎలా

మా మేనల్లుడు గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాడు. మొన్న రాత్రి పదిన్నరకి ఫోన్ చేసి, "మావయ్యా, ఎస్‌డీజీల్లో ఇండియాకి 71 మార్కులా, 67 మార్కులా? ఒక పుస్తకంలో ఒకటుంది, కోచింగ్ వాళ్లిచ్చిన మెటీరియల్‌లో ఇంకోటుంది, ఏది గుర్తుపెట్టుకోమంటావ్?" అన్నాడు. రెండూ కరెక్టేరా అన్నాను. వాడికి ఒళ్లు మండింది. పరీక్షలో రెండిటికీ టిక్ పెట్టనివ్వరు కదా మరి.

ఆ రాత్రి వాడికి అరగంట పాటు చెప్పిందే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. పేపర్లో "సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో మన రాష్ట్రానికి ఫలానా ర్యాంకు" (ఎస్‌డీజీలంటే ఈ లక్ష్యాలే) అని చూసి సంతోషపడాలో తల పట్టుకోవాలో తెలియక పేజీ తిప్పేసే అందరికీ పనికొస్తుంది. కూడికలు, తీసివేతలు, భాగహారం వస్తే చాలు, అంతకు మించి లెక్కలేం అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, పెన్ను మాత్రం దగ్గర పెట్టుకోండి.

ముందు కార్డు ఎవరిచ్చారో చూడండి

కథ అందరికీ తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు కూర్చుని 17 లక్ష్యాలు, వాటి కింద 169 టార్గెట్లు పెట్టుకున్నాయి, గడువు 2030. దానికి ముందు 2000 నుంచి 2015 దాకా మిలీనియం లక్ష్యాలని 8 ఉండేవి. లక్ష్యాలు పెట్టింది ఐక్యరాజ్యసమితే, కానీ మార్కులు వేసే మాస్టార్లు మాత్రం వేరు వేరు. గందరగోళమంతా ఇక్కడే.

71 అనేది కేంద్ర ప్రభుత్వానికి సలహాలిచ్చే సంస్థ నీతి ఆయోగ్ వేసిన మార్కు. 2024 జులైలో వచ్చిన 2023-24 ఇండెక్స్‌లోది. రాష్ట్రాలు ఒకదాన్ని చూసి ఒకటి పరిగెత్తాలన్నది దాని ఉద్దేశం, అందుకే మన పేపర్లలో వచ్చే రాష్ట్రాల ర్యాంకులన్నీ దీంట్లోంచే వస్తాయి. ఆ సంవత్సరం కేరళ, ఉత్తరాఖండ్ 79తో పైన ఉన్నాయి, బిహార్ 57తో చివర ఉంది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ 74 దగ్గర పక్కపక్కనే కూర్చున్నాయి. (ఏ రాష్ట్రం వాళ్లు ఆ రాష్ట్రం గురించి ఒక్కదాన్నే వాట్సాప్‌లో పంపుకున్నారు, అది వేరే సంగతి.)

67 అనేది ఎస్‌డీఎస్‌ఎన్ అనే అంతర్జాతీయ సంస్థ వేసేది. ఆర్థికవేత్త జెఫ్రీ సాక్స్ పేరు విని ఉంటారు, ఆయన బృందం. వాళ్లు దేశాన్ని దేశంతో పోలుస్తారు. 2025 రిపోర్టులో ఇండియాకి 167 దేశాల్లో 99వ స్థానం, మొదటి వందలోకి రావడం అదే తొలిసారి. ఫిన్లాండ్ పైన. వాళ్లు తీసుకునే ఇండికేటర్లు, అంటే కొలిచే అంశాలు, వేరు, వాళ్లు వంద మార్కులకి గీసుకున్న గీత వేరు. కాబట్టి 71లోంచి 67 తీసేసి "నీతి ఆయోగ్ నాలుగు మార్కులు కలిపేసింది" అని వాదించేవాళ్లతో టైమ్ వేస్ట్ చేసుకోకండి. తెలుగు పేపర్లో వచ్చిన మార్కుల్లోంచి లెక్కల పేపర్లో వచ్చిన మార్కులు తీసేసినట్టుంటుంది.

మూడోది కేంద్ర గణాంక శాఖ ఏటా విడుదల చేసే రిపోర్టు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజు జూన్ 29న గణాంక దినోత్సవం జరుపుతారు కదా, సాధారణంగా ఆ రోజే వస్తుంది. దీంట్లో మార్కులుండవు, ర్యాంకులుండవు, అందుకే ఏ పేపరూ హెడ్డింగ్ పెట్టదు. వరసగా టేబుళ్లే ఉంటాయి. నా మట్టుకు నాకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఒక్కో ఇండికేటర్‌కి ఏ ఏడాది ఎంత అన్నది మార్కుగా మారకముందు, పచ్చిగా, ఇక్కడ దొరుకుతుంది.

ఇవి కాక ప్రభుత్వమే స్వయంగా రాసుకుని ఐక్యరాజ్యసమితిలో చదివే రివ్యూ ఒకటుంటుంది. మన దేశం 2017లో, 2020లో, మళ్లీ 2025లో ఇచ్చింది. చదవండి, ఏ పథకం ఏ లక్ష్యం కింద చూపిస్తున్నారో తెలుస్తుంది. కాకపోతే ఎవరి గురించి వాళ్లు రాసుకున్నది అని గుర్తుంచుకుని చదవండి.

తర్వాత 71ని విప్పండి

సగటు అనేది భలే మాయలాడి. నీతి ఆయోగ్ 71ని విప్పితే లోపల 15 లక్ష్యాల మార్కులుంటాయి. నోట్‌బుక్‌లో వరసగా రాసుకోండి: పేదరికం 72, ఆకలి 52, ఆరోగ్యం 77, చదువు 61, స్త్రీ పురుష సమానత్వం 49, నీళ్లు-పారిశుద్ధ్యం 89, ఇంధనం 96, ఉపాధి-ఆర్థికాభివృద్ధి 68, పరిశ్రమలు-మౌలిక వసతులు 61, అసమానతలు 65, నగరాలు 83, వినియోగం-ఉత్పత్తి 78, వాతావరణం 67, భూమి మీది జీవరాశి 75, శాంతి-న్యాయం 74. మొత్తం కూడితే 1,067. పదిహేనుతో భాగిస్తే 71.1. అంతే, బ్రహ్మవిద్య ఏం లేదు.

17లో 15 ఏంటి, మిగతా రెండు ఎక్కడికి పోయాయి అంటారా? 14వ లక్ష్యం సముద్రానిది. అది తొమ్మిది తీర రాష్ట్రాలకే లెక్కగడతారు, మొత్తం మార్కులో మాత్రం కలపరు, ఎందుకంటే బిహార్‌కి సముద్రం లేదు కదా. 17వది భాగస్వామ్యాలది, దానికి అంకెలేం లేవు, మాటల్లోనే రాస్తారు. కాబట్టి విశాఖ, కాకినాడ, నెల్లూరు తీరంలో చేపల వేట ఎలా ఉందన్నది ఆంధ్రాకి వచ్చిన 74లో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆ జాబితాలో 96 కొట్టేసి మిగతా 14 మళ్లీ కూడి భాగించి చూడండి. 69.4 వస్తుంది. ఒక్క లక్ష్యం దేశాన్ని దాదాపు రెండు మార్కులు పైకి ఎత్తిపట్టుకుంది. అటుపక్క 49, 52 కిందకి లాగుతున్నాయి. అంటే 71 అన్న మాటకి అర్థం "దేశం ముక్కాలు దారి వచ్చేసింది" అని చెప్పడానికి లేదు. కరెంటు, గ్యాస్ విషయంలో గమ్యం దగ్గరకొచ్చాం, ఆడవాళ్ల విషయంలో, పిల్లల తిండి విషయంలో సగం దగ్గర ఆగాం అని విడివిడిగా చదువుకోవాలి.

ఇంకోటి, మ్యాపుల్లో రంగులు. 0 నుంచి 49 దాకా ఎరుపు, 50 నుంచి 64 పసుపు, 65 నుంచి 99 పచ్చ, 100 వస్తే నీలం. 65 వచ్చిన అసమానతల లక్ష్యమూ పచ్చే, 96 వచ్చిన ఇంధనమూ పచ్చే. స్త్రీ పురుష సమానత్వానికి ఇంకొక్క మార్కు వస్తే ఎరుపు పోయి పసుపొస్తుంది, కానీ ఆ ఒక్క మార్కుతో ఎవరి బతుకూ రంగు మారదు. అందుకే నేను రంగుల మ్యాపులు చూడటం మానేశాను.

పాత మార్కులతో పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త. 2018లో 57, 2019-20లో 60, 2020-21లో 66, 2023-24లో 71 అని గ్రాఫ్ గీస్తారు, చూడ్డానికి మెట్లెక్కినట్టు బాగుంటుంది. కానీ 2018లో 13 లక్ష్యాలకి 62 ఇండికేటర్లతో లెక్కేశారు, తర్వాతి ఏడాది అవి 100 అయ్యాయి, ఆ తర్వాత 115, చివరికి 113. సిలబస్ మారిన పరీక్షలన్నమాట. ముందుకెళ్లామన్నది నిజమే, అయితే సరిగ్గా 14 మార్కులు ముందుకెళ్లామని గట్టిగా చెప్పకండి.

ఒక్క ఇండికేటర్ తీసుకుని మీరే మార్కు వేయండి

ఇది తప్పకుండా ఒకసారి చేతితో చేయండి. ఒకసారి చేస్తే జీవితంలో ఇంకెప్పుడూ ఇండెక్స్ చూసి కంగారు పడరు.

మాతృ మరణాలు తీసుకుందాం. లక్ష మంది బిడ్డలు సజీవంగా పుడితే, ఆ కాన్పుల్లో ఎంతమంది తల్లులు చనిపోయారన్నది లెక్క. ఎస్‌ఆర్‌ఎస్ అనే నమూనా నమోదు పద్ధతిలో రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసు మూడేళ్లకి కలిపి ఒక అంకె ఇస్తుంది. 2018–20కి దేశం మొత్తానికి 97. కేరళ 19, మహారాష్ట్ర 33, తెలంగాణ 43, ఆంధ్రప్రదేశ్ 45, తమిళనాడు 54, అస్సాం 195. లక్ష్యం 70.

మార్కు ఎలా వస్తుందంటే, అందరికంటే వెనకబడిన అంకెకి సున్నా, లక్ష్యానికి వంద. మధ్యలో ఎక్కడున్నామో దాన్ని బట్టి మార్కు. అస్సాం 195ని సున్నా అనుకుందాం. 195 నుంచి 70 దాకా మొత్తం దూరం 125. దేశం 97 దగ్గరుంది అంటే 98 మెట్లు దిగింది. 98ని 125తో భాగించి వందతో గుణిస్తే 78.4. మార్కు వచ్చేసింది.

ఇప్పుడు ఆంధ్రాకి వేయండి. 195లోంచి 45 తీస్తే 150, దాన్ని 125తో భాగిస్తే 120 మార్కులు. వందకి నూట ఇరవై ఇవ్వరు కాబట్టి వంద దగ్గర కత్తిరిస్తారు. తెలంగాణకీ వంద, తమిళనాడుకీ వంద, కేరళకీ వంద. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కేరళలో లక్షకి 19 మంది తల్లులు పోతుంటే ఆంధ్రాలో 45 మంది పోతున్నారు, రెండింతల కంటే ఎక్కువ, అయినా కార్డులో ఇద్దరూ ఫస్టే. రేపు ఆంధ్రాలో 45 కాస్తా 65 అయినా వంద మార్కులు అలాగే ఉంటాయి, 25కి తగ్గించినా అదనంగా ఒక్క మార్కూ రాదు. మన రెండు రాష్ట్రాల్లో ఈ విషయం మీద పెద్దగా చర్చ జరగకపోవడానికి ఇదొక కారణమని నా అనుమానం. వంద వచ్చిన సబ్జెక్టు పేపర్ మళ్లీ ఎవరు తెరిచి చూస్తారు?

అందుకని నా పద్ధతి ఏంటంటే, వంద మార్కులొచ్చిన చోటే ముందు అసలు అంకె వెతుకుతాను.

కార్డులో లేని ప్రశ్న కూడా అడగండి

ఇదే విషయం ఇంకో పక్క నుంచి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, అంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రిలోనే జరుగుతున్నాయని చెప్పింది. చాలా మంచి సంగతి. అదే సర్వేలో ఇంకో రెండు పేజీలు తిప్పితే, తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రాలో 42.4, దేశం మొత్తానికి 21.5. ఆసుపత్రి కాన్పుల లెక్క ప్రోగ్రెస్ కార్డులోకి ఎక్కింది, సిజేరియన్లది ఎక్కలేదు. ఎక్కించాలని ఎవరూ ఐక్యరాజ్యసమితిలో టార్గెట్ పెట్టలేదు మరి. మీ వీధిలో గత మూడేళ్లలో కాన్పులైన ఆడపిల్లల్ని లెక్కేసుకోండి, ఎంతమందికి ఆపరేషన్ లేకుండా జరిగింది? అందుకే ఇండికేటర్ చూశాక, దాని పక్కన ఇంకేం కొలిచి ఉండాల్సింది అని ఒక్కసారి ఆలోచించాలి.

కనెక్షన్ ఉందా, వాడుతున్నారా

ఇంధనానికి 96 ఎలా వచ్చిందో చూద్దాం. ఇళ్లకి కరెంటు ఉందా, ఇళ్ల లెక్కకి గ్యాస్ కనెక్షన్ల లెక్క ఎంత, ఇలాంటివే దీంట్లో బరువు మోస్తాయి. కనెక్షన్ల లెక్కలో దేశం దాదాపు పూర్తయినట్టే. కానీ 2019–21 ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 వాళ్లు ఇంటింటికీ వెళ్లి, "అమ్మా, వంట దేనిమీద చేస్తారు?" అని అడిగితే గ్యాస్, కరెంటు లాంటి పొగ లేని ఇంధనం మీద వండేది 58.6 శాతం ఇళ్లే అని తేలింది.

ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కడుందో చూడాలంటే మా పెద్దమ్మ వాళ్ల వంటింట్లోకి రండి. భీమవరం దగ్గర ఊరు. గట్టు మీద రెండు బర్నర్ల స్టవ్, కింద సిలిండర్, దాని మీద ప్లాస్టిక్ కవరు, శుభ్రంగా తుడిచి ఉంటుంది. టీ దాని మీదే. ఎవరైనా వస్తే కూర కూడా దాని మీదే. పెరట్లో కట్టెల పొయ్యి. స్నానానికి నీళ్లు, పది మందికి అన్నం, గేదెకి ఉడకబెట్టే తవుడు, అన్నీ దాని మీద. "గ్యాస్ ఉందిగా పెద్దమ్మా, ఆ పొగలో ఎందుకు" అంటే, "నీళ్లు కాచుకోడానికి కూడా గ్యాసు కాల్చేస్తే నెలాఖరుకి ఏం మిగుల్తుందిరా, కొబ్బరి మట్టలు ఊరికే వస్తున్నాయిగా" అంది. సర్వే వాళ్లు వచ్చి అడిగితే ఆవిడ ఏం చెబుతుందో నాకిప్పటికీ తెలీదు. రెండూ నిజమే కదా.

అదే ఇంట్లో నీళ్ల సంగతి. వీధి గేటు పక్కన కుళాయి ఉంది. జల్ జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న మొదలైనప్పుడు దేశంలో పల్లెటూళ్ల ఇళ్లలో కుళాయి ఉన్నవి 3.23 కోట్లు, అంటే నూటికి 17. ఇప్పుడు 15 కోట్లు దాటాయి. ఇది చిన్న పనేం కాదు, ఇలాంటి పెరుగుదల చాలా తక్కువ విషయాల్లో కనిపిస్తుంది. 2024కి పూర్తి చేస్తామన్నది 2028కి జరిపారు, సరే. కానీ మా పెద్దమ్మ ఇంట్లో కుళాయి నీళ్లు గిన్నెలు కడగడానికి, మొక్కలకి. తాగేది ఆటోలో వచ్చే 20 లీటర్ల టిన్ను. చుట్టూ రొయ్యల చెరువులు, బోరు వేస్తే ఉప్పునీళ్లు, ఆ కుళాయిలోంచి వచ్చే నీళ్లు గ్లాసులో పోసి చూస్తే అడుగున సన్నని మట్టి. పంచాయతీలో అడిగితే "ఇంటింటికీ ఇచ్చేశాం కదా సార్" అన్నారు. అబద్ధం చెప్పలేదు వాళ్లు, ఇచ్చేశారు.

కాబట్టి ఏ ఇండికేటర్ అయినా చూసినప్పుడు పేరు పూర్తిగా చదవండి. "కనెక్షన్ ఉన్న ఇళ్లు" అని ఉందా, "వాడుతున్న ఇళ్లు" అని ఉందా, "సురక్షితమైన నీళ్లు అందుతున్న ఇళ్లు" అని ఉందా. రిపోర్టుల్లో ఇవి పక్కపక్కనే ఉంటాయి, పేపర్లో హెడ్డింగ్‌కి వచ్చేసరికి మూడూ ఒకటే అయిపోతాయి. మరుగుదొడ్లదీ ఇదే కథ. 2019 అక్టోబరు 2న పల్లెలన్నీ బహిరంగ మలవిసర్జన లేనివిగా ప్రకటించారు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో 19 శాతం ఇళ్లవాళ్లు ఇంకా బయటికే వెళ్తున్నామన్నారు. ఒకటి శాఖ తన రిజిస్టర్లో రాసుకున్న, కట్టిన మరుగుదొడ్ల లెక్క, ఇంకోటి మనిషిని అడిగి రాసుకున్న లెక్క. రెండిట్లో ఒకటే చూపించాల్సి వస్తే నేను రెండోదే చూపిస్తాను, కానీ రెండూ పక్కపక్కన పెడితే ఇంకా మంచిది, తేడా ఎక్కడుందో అక్కడే పని మిగిలుందని అర్థమవుతుంది.

అంకె వయసెంత?

2024లో విడుదలైన ఇండెక్స్ కదా, అంకెలన్నీ 2024వే అనుకుంటాం. కాదు. పౌష్టికాహారం లాంటి చోట్ల ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 అంకెలే ఉంటాయి. అది 2019–21 సర్వే. ఇంకా లోపలికెళ్తే, ఆంధ్రాలో, తెలంగాణలో ఆ సర్వే వాళ్లు తిరిగింది 2019 జూన్ చివరి నుంచి నవంబరు మధ్య వరకే. అంటే మన దగ్గర తీసుకున్న అంకెలు కరోనాకి ముందువి. కొన్ని రాష్ట్రాల్లో 2020, 2021లో తిరిగారు, మధ్యలో లాక్‌డౌన్ కూడా వచ్చింది. మన పిల్లల ఎత్తు, బరువుల్ని ఆ రాష్ట్రాల పిల్లలతో పోల్చేటప్పుడు ఈ సంగతి ఒక మూల గుర్తుంచుకోండి.

జనాభా లెక్కల గొడవ దీనికంటే పెద్దది. మన ఆఖరి సెన్సస్ 2011ది. 2021లో జరగాల్సింది జరగలేదు, ఇప్పుడు 2027కి పెట్టారు. "ఇంత శాతం మందికి అందింది" అని ఎవరైనా చెప్పినప్పుడు కింద భాగించిన జనాభా ఎంతన్నది అంచనాయే. పైన లవం పక్కాగా ఉన్నా కింద హారం అంచనా అయితే వచ్చేది కూడా అంచనాయే కదా. లబ్ధిదారులు నూటికి నూట మూడు శాతం అయ్యారని రాసిన టేబుళ్లు ఒకసారి నా కంట పడ్డాయి, నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

వేగం లెక్కేయండి

నాకు బాగా నచ్చిన పని ఇదే. రెండు వేర్వేరు సంవత్సరాల అంకెలు తీసుకోండి, ఏడాదికి ఎంత మారిందో చూడండి, ఆ లెక్కన 2030కి ఎక్కడుంటామో చూడండి.

మాతృ మరణాలు 2014–16లో 130. 2018–20లో 97. నాలుగేళ్లలో 33 తగ్గింది, ఏడాదికి ఎనిమిది చొప్పున. ఇంకా తగ్గాల్సింది 27. అదే వేగంతో పోతే మూడున్నరేళ్లు చాలు. తర్వాతి బులెటిన్‌లో, 2019–21కి, 93 వచ్చింది, అంటే వేగం సగమైంది. అయినా 70 అనేది చేతికందే దూరంలోనే ఉంది. ఇక్కడ గుండె మీద చెయ్యేసుకుని పడుకోవచ్చు, అస్సాం లాంటి చోట్ల తప్ప.

ఇప్పుడు పిల్లల దగ్గరికి రండి. ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు, గిడసబారిన పిల్లలంటాం, 2015–16లో 38.4 శాతం, 2019–21లో 35.5. మూడు పాయింట్లు కూడా తగ్గలేదు. ఇదే వేగంతో ఈ 35.5 సగానికి రావాలంటే పాతికేళ్లు దాటుతుంది. తెలంగాణలోనైతే 28 దగ్గరున్నది 33కి పెరిగింది, ఆంధ్రాలో 31 దగ్గరే కదలకుండా ఉంది. ఆడవాళ్లలో రక్తహీనత ఇంకా అన్యాయం. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 53.1 శాతం ఉన్నది 57కి పెరిగింది. వేగం లెక్కేద్దామంటే మైనస్‌లో వస్తుంది, 2030 కాదు కదా ఏ సంవత్సరానికీ లక్ష్యం చేరదు. ఆకలి లక్ష్యానికి 47 నుంచి 52 మార్కులొచ్చాయని మురిసిపోయేటప్పుడు ఈ లెక్క పక్కన పెట్టుకోవాలి.

సరళరేఖ గీసినట్టు లోకం నడవదని నాకూ తెలుసు. ఆఖరి కొద్దిమందిని చేరడం ఎప్పుడూ కష్టమే, అందుకే ఈ లెక్క జోస్యం చెప్పడానికి పనికిరాదు. ఏ లక్ష్యం దగ్గర గొంతెత్తాలో తెలుసుకోడానికి మాత్రం చక్కగా పనికొస్తుంది.

పెరిగిన అంకె చూసినా అది ఎలా పెరిగిందని అడగాలి. 15 ఏళ్లు నిండినవాళ్లలో పనిచేసే, లేదా పని వెతికే ఆడవాళ్లు 2017-18లో నూటికి 23.3 మంది, 2023-24కి 41.7. ఇంత పెరిగిందా అనిపిస్తుంది. దాని పక్క టేబుల్ తెరిస్తే, పనిచేసే ఆడవాళ్లలో స్వయం ఉపాధి అని రాసినవాళ్లు 51.9 నుంచి 67.4 శాతానికి పెరిగారు. ఆ స్వయం ఉపాధిలో కుట్టుమిషన్ పెట్టుకున్నావిడా ఉంటుంది, భర్త కొట్లో రోజంతా కూర్చుని చేతికి రూపాయి తీసుకోని ఆవిడా ఉంటుంది.

పేదరికం దగ్గర కాస్త నిదానం

ఇక్కడ బోలెడన్ని గీతలున్నాయి కాబట్టి కొట్లాటలూ ఎక్కువే. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో తన గీతని రోజుకి 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకి మార్చింది. ఒకే ఏడాది, 2022-23కి, పాత గీతతో మన పేదలు 2.3 శాతం, కొత్త గీతతో 5.3 శాతం. ఒక్క మనిషి కూడా కొత్తగా పేదవాడు కాలేదు, గీత జరిగిందంతే.

నీతి ఆయోగ్‌ది బహుముఖ పేదరికం, డబ్బు కాకుండా చదువు, తిండి, ఇల్లు, కరెంటు, బ్యాంకు ఖాతా ఇలా 12 విషయాలు చూస్తుంది. 2015–16లో 24.85 శాతం, 2019–21లో 14.96. ఆంధ్రా 11.77 నుంచి 6.06కి, తెలంగాణ 13.18 నుంచి 5.88కి. ఇవి సర్వేలోంచి వచ్చిన అంకెలు, నమ్మి వాడొచ్చు. 2024 జనవరిలో వచ్చిన "తొమ్మిదేళ్లలో 24.82 కోట్ల మంది బయటపడ్డారు" అన్న అంకె వేరే రకం. అది 2013-14కి, 2022-23కి మధ్య లెక్క, ఆ రెండేళ్లలోనూ ఈ సర్వే జరగలేదు. అంతకు ముందు, మధ్యలో జరిగిన సర్వేల వేగాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ సాగదీసి చెప్పిన అంచనా. అంచనా వేయడం తప్పేం కాదు, నీతి ఆయోగ్ పత్రంలోనే ఆ సంగతి రాశారు కూడా. హెడ్డింగ్ పెట్టినవాళ్లు రాయలేదు.

మా మేనల్లుడికి చెప్పిన చిట్కా: పేదరికం అంకె ఏది రాసినా పక్కన గీత పేరు, సంవత్సరం రాయి. పరీక్షలో ఏ అంకెకి టిక్ పెట్టాలో అప్పుడే తెలుస్తుంది.

జిల్లాకి, ఊరికి దిగండి

ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ సైట్‌లో జిల్లాల వారీగా ఒక్కో ఫ్యాక్ట్‌షీట్ ఉంటుంది, నాలుగైదు పేజీలు, డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్ తీసుకోండి. మనవాళ్లకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. జిల్లాలు మారిపోయాయి. ఆంధ్రాలో ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 నాటికి 13 జిల్లాలు, 2022 ఏప్రిల్‌లో అవి 26 అయ్యాయి. తెలంగాణలో ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4 నాటికి 10, తర్వాత సర్వేకి 31, ఆ పైన 33. అందుకని "మా జిల్లాలో రక్తహీనత తగ్గిందా" అని పాత షీటూ కొత్త షీటూ పక్కన పెట్టి పోల్చే ముందు, రెండిట్లో ఉన్నది ఒకే జిల్లానా అని చూసుకోండి. పాత మహబూబ్‌నగర్ వేరు, ఇప్పటి మహబూబ్‌నగర్ వేరు. పేరొక్కటే మిగిలింది.

ఊరికి దిగాలంటే పంచాయతీ రాజ్ శాఖ 2025 ఏప్రిల్‌లో మొదటిసారి ఇచ్చిన పంచాయతీ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్ ఉంది. 17 లక్ష్యాల్ని ఊరికి సరిపోయేలా 9 అంశాలుగా చేసి 2.16 లక్షల పంచాయతీలకి 2022-23 లెక్కలతో మార్కులిచ్చారు. 90 దాటిన పంచాయతీ దేశం మొత్తంలో ఒక్కటీ లేదు. ఆ కింద 75 దాటినవి 699, అందులో గుజరాత్‌వి 346, తెలంగాణవి 270. దీంట్లో అంకెలు పంచాయతీ స్థాయిలోనే ఎక్కించినవి అని గుర్తుంచుకోండి, కాబట్టి దీన్ని తీర్పులా చూడకండి, ఊళ్లో అడగాల్సిన ప్రశ్నల పట్టీలా వాడండి. గ్రామసభకి వెళ్లేటప్పుడు మీ పంచాయతీ పేజీ ప్రింట్ తీసుకెళ్లి, ఏదో ఒక్క వరస మీద వేలు పెట్టి, "ఈ అంకె ఎలా వచ్చింది, ఎవరు లెక్కపెట్టారు?" అని మర్యాదగా అడగండి. పది వరసలు ఒకేసారి అడిగితే గొడవకొచ్చారనుకుంటారు.

నేను పెద్దమ్మ వాళ్ల ఊరికి ఒక పేజీ పెట్టాను నోట్‌బుక్‌లో. ఎడమవైపు ఇండికేటర్ పేరు పూర్తిగా, తర్వాత అంకె, సంవత్సరం, ఎవరు లెక్కపెట్టారు, చివరి గడిలో "చూస్తే ఏముంది" అని. కుళాయికి ఎదురుగా ఆ చివరి గడిలో "టిన్ను, వారానికి మూడు" అని రాసుకున్నాను. పిల్లల ఎత్తుకి ఎదురుగా గడి ఇంకా ఖాళీయే. అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే, "ఎత్తు కొలిచే బల్ల ఒక పక్క ఊడింది సార్, కొత్తది అడిగాం, వచ్చే వారం రండి, గోడకి గీతలు గీసైనా కొలుద్దాం" అంది. టేపు నేనే తీసుకెళ్తానన్నాను.